గండికొట్టు విద్య - మెదడు రక్షణ

'గండి' అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. చెఱువుకట్ట తెగినను గండియే, కోటగోడ కూలినను గండియే. 1757లో బుస్సీ సేనాని ఫిరంగులు బొబ్బిలికోటకు గండ్లు పెట్టిన వృత్తాంతము కథలుగాను పాటలుగాను నేటికిని వినబడుచున్నది. ఆ కాలమున గండి కొట్టువాడు కోటకు దూరముగా నుండి ఫిరంగి ప్రేల్చెడివాడు. నేటి గండి వేఱు. దుండగులు ఒక యింటిలో దాగి అమాయకులను బందీలుగా పట్టియుంచినపుడు, ఆ యింటి తలుపునకో గోడకో మందు అంటించి, చెంతనే వరుసగా నిలిచి, దానిని ప్రేల్చి, పొగ విడువకముందే లోపల ప్రవేశించుట నేటి పద్ధతి. ఆంగ్లమున దీనిని 'బ్రీచింగ్' అందురు. 2008 నవంబరులో ముంబయిలోని నరిమన్ హౌస్‌ను ముట్టడించినపుడు జాతీయ భద్రతాదళమువారు ఇట్లే గోడకు గండి కొట్టిరి.

తలుపు తెరచుకొనుటకు పట్టు కాలము ఒక్క క్షణము. ఆ క్షణమునకు సిద్ధపడుటకు పట్టునది నెలలు, ఏండ్లు. నిజమైన సందర్భము ఒక భటుని జీవితములో పదిసార్లు వచ్చునో రాదో గాని, శిక్షణలో అతడు ఎన్నో ప్రేలుళ్ల చెంత నిలువవలసి యుండును. అతనికి విద్య నేర్పు శిక్షకుని లెక్క అంతకు ఎన్నో రెట్లు. కావున ఈ ప్రేలుళ్ల వలన మెదడునకు కలుగు హానిని గూర్చిన ప్రశ్న యుద్ధరంగమునకు సంబంధించినది అనుటకంటె శిక్షణాస్థలమునకు సంబంధించినది అనుట సమంజసము. అక్కడ శత్రువు లేడు. తొందరపెట్టువాడును లేడు. మందు ఎంత, దూరమెంత, ఎవరెక్కడ నిలువవలెను, ఆ దినమున ఎన్ని ప్రేలుళ్లు అనునవి యన్నియు ముందుగా కూర్చుండి నిర్ణయించుకొనదగినవే. తగ్గించుకొనదగిన హానిని తగ్గించుకొనకుండుటకు అక్కడ సాకు లేదు.

ఈ విద్యతో దక్షిణదేశమునకు పాత సంబంధము కలదు. 1780లో మద్రాసు పయనీర్లుగా మొదలై, మద్రాసు సాపర్లు అను పేర ప్రసిద్ధికెక్కిన దళమునకు 1834 నుండి బెంగుళూరు నివాసస్థానము. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషలవారు కలిసి పనిచేసిన దళమది. కందకములు త్రవ్వుట, వంతెనలు కట్టుట, శత్రువు పెట్టిన అడ్డంకులను తొలగించుట వారి వృత్తి. 1912లో ఆ దళమునకు చెందిన కాప్టెన్ మెక్లింటాక్ అను అధికారి, మందు కూరిన గొట్టములను ఒకదానికొకటి తగిలించి ముండ్లతీగెల క్రిందికి దూరమునుండియే నెట్టి ప్రేల్చు సాధనము నొకదానిని కల్పించెను. 'బెంగుళూరు టార్పెడో' అను పేర అది రెండు ప్రపంచ యుద్ధములలోను వాడుకలోనికి వచ్చినది. 1944లో నార్మండీ తీరమున తీగెల కంచెలను ఛేదించుటకు అమెరికను సైనికులు దానినే ఉపయోగించిరి. ఆ సాధనముయొక్క గొప్పతనము దానిలోని మందులో కంటె దాని పొడవులో నున్నది. మందు అడ్డంకి దగ్గఱ నుండవలెను, మనిషి మందునకు దూరముగా నుండవలెను అను సూత్రమును ఆ గొట్టములు పాటించినవి. తలుపు చెంత నిలిచి గండికొట్టు నేటి పద్ధతిలో కొఱవడినది ఆ దూరమే.

దూరముయొక్క విలువ సైనికులకంటె ముందుగా తెలిసినవారు రాతిపనివారు. కర్ణాటకములో వడ్డరులు, భోవులు అనియు, తమిళదేశమున ఒడ్డరులు, బోయర్లు అనియు, మహారాష్ట్రమున వడారులు అనియు పిలువబడు ఒడ్డెవారు తరతరములుగా అచ్చటి రాతిక్వారీలలో పనిచేయుచు, అనేక తావులలో ఇండ్లలో నేటికిని తెలుగే మాటలాడుచున్నారు. బండలో బెజ్జము తొలిచి, మందు కూరి, మట్టితో బిగించి, వత్తి అంటించుటకు ముందు గట్టిగా కేకవేసి, పనివారందఱు దూరముగా బండల చాటునకు పోవుట క్వారీలో పసిపిల్లవాడెఱిగిన కట్టుబాటు. అచ్చటి భయము ముఖ్యముగా ఎగిరివచ్చు రాళ్లను గూర్చినది. మందు బండ కడుపులో నుండుటచే దాని బలములో పెద్దభాగము రాతిని చీల్చుటలోనే ఖర్చగును. తలుపునకు అంటించిన మందు సంగతి అట్లు కాదు. అది గాలిలోనికి తెరచియుండును. తలుపును చీల్చగా మిగిలిన బలమంతయు గాలిని నెట్టుకొనుచు నలుదిక్కులకు పోవును. ఆ దిక్కులలో ఒకదానియందు భటుల వరుస నిలిచియుండును. క్వారీ పనివాడు వందల మీటర్లు పరుగెత్తవచ్చును. భటుడు పోలేడు, ఏలయన తలుపు తెరచుకొనిన మరుక్షణమున అతడు లోపల నుండవలెను.

మందు ప్రేలినపుడు పుట్టు వేడివాయువులు చుట్టునున్న గాలిని ఒక్కసారిగా త్రోయగా, ఆ గాలి ఒక పలుచని గోడవలె బిగుసుకొని ధ్వనికంటె వేగముగా కదలును. దీనికి ఆఘాత తరంగమని పేరు. అది తాకిన చోట పీడనము లిప్తకాలములో పైకెగసి, కొన్ని మిల్లీసెకండ్లలో దిగిపోయి, మామూలు పీడనమునకు సైతము కొంత దిగువకు జారి, మరల సర్దుకొనును. ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ఈ శిక్షణలో హద్దుగా చెప్పబడు అధికపీడనము చదరపు అంగుళమునకు 4 పౌన్లు. మనచుట్టు నున్న వాయుపీడనము 14.7 పౌన్లు. అనగా దానిలో పావువంతుకంటె కొంచెము ఎక్కువ మాత్రమే. దిగుడుబావిలో తొమ్మిది అడుగుల లోతునకు మునిగిన పిల్లవానిపై సరిగా ఇంతే అధికపీడనము పడును. వాడు నవ్వుచు పైకి వచ్చును. మఱి భటునకు హాని యేల? బావిలో పీడనము మెల్లగా పెరిగి శరీరమంతట సమముగా నిలుచును. ప్రేలుడులో అది మిల్లీసెకండులో అతిస్వల్పభాగమున ఒకవైపునుండి వచ్చి తలలోగుండ పోవును. తలుపును చేతితో నెట్టుటకును సుత్తితో మోదుటకును గల భేదమే ఇది.

ఈ తరంగముయొక్క నడవడిని గూర్చి మొదటి ప్రపంచయుద్ధకాలము నుండియు లెక్కలు కలవు. 1915లో హాప్కిన్సన్, తరువాత క్రాంజ్ అను శాస్త్రజ్ఞులు చెప్పిన సూత్రము నేటికిని ప్రమాణముగా నున్నది. దాని ప్రకారము ఒకే పీడనము కలుగు దూరము మందు తూకముయొక్క ఘనమూలము ననుసరించి మారును. మందు ఎనిమిది రెట్లు చేసినచో ఆ దూరము రెండింతలే అగును. మందును సగము చేసినచో ఆ దూరము అయిదవవంతు మాత్రమే తగ్గును. దీనినిబట్టి శిక్షకునకు తెలియవలసిన దేమనగా, మందు తగ్గించుట మంచిదే గాని దాని ఫలము మితముగా నుండును. దూరము పెంచుటవలన కలుగు ఫలము అంతకంటె చాల అధికము. 4 పౌన్ల పీడనము కలుగు తావునుండి భటుడు దానికి రెండింతల దూరమునకు జరిగినచో అతనిపై పడు పీడనము సుమారు మూడవవంతునకు దిగును. ఖర్చులేని రక్షణము నాలుగడుగులు వెనుకకు వేయుటయే.

ఐతే ఈ లెక్కయంతయు బయలున ప్రేలిన మందునకు వర్తించునది. గదిలో, నడవలో, మెట్లక్రింద, మూలయందు ఇది చెల్లదు. తరంగము గోడను తాకి వెనుకకు మరలును. గోడకు ఎదురుగా తాకినపుడు అక్కడి పీడనము రెండింతలకు మించును. రెండు గోడలు కలియు మూలలో నిలిచినవానికి ముందు తరంగమును, దాని వెనుక ఒకవైపు గోడనుండి ఒకటి, రెండవవైపునుండి మఱియొకటి వచ్చి తగులును. నూతిలో పిలిచిన పిలుపు పలుమార్లు వినబడునట్లు, ఇరుకు నడవలో ఒక్క ప్రేలుడు పలు ప్రేలుళ్లగును. దూరమును అడుగులతో కొలిచి పట్టికలో సరిచూచుకొని, 'హద్దులోనే యున్నాము' అని ధైర్యముతో మూలలో నిలిచిన వరుస, నిజమునకు హద్దు దాటియుండుట అరుదు కాదు. శరీరమునకు కట్టుకొను కొలపరికరములు వచ్చిన పిదప ఈ సంగతి రుజువైనది. పట్టిక చెప్పినదొకటి, పరికరము చూపినదొకటి.

ప్రేలుడు మెదడును పాడుచేయునా యను ప్రశ్న నిన్నటిది కాదు. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అను ఆంగ్ల వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో, గుండ్లు చెంత ప్రేలగా చూపును జ్ఞాపకమును చెదరిన ముగ్గురు సైనికుల వృత్తాంతమును ప్రకటించుచు 'షెల్ షాక్' అను పేరును వాడెను. 1917లో ఫ్రెడరిక్ మాట్ అనునాతడు, పైకి గాయము కానరాక చనిపోయిన ఇద్దరి మెదళ్లను సూక్ష్మదర్శినితో పరీక్షించి అందు చిన్న చిన్న రక్తస్రావములను కనుగొనెను. ఐనను ఆ మార్గము ముందునకు సాగలేదు. గాయము కనబడనివాడు పిఱికివాడో మనోదుర్బలుడో అను అభిప్రాయము సైన్యములలో బలపడెను. 1922లో బ్రిటిషు యుద్ధశాఖ నియమించిన విచారణసంఘము ఆ పేరునే వదలివేయవలసినదని సలహా చెప్పెను. షెల్ షాక్ అని పిలువబడినవారిలో మానసికవ్యథ పాలెంత, మెదడుదెబ్బ పాలెంత అని విడదీయుట నేటికిని సులభము కాదు. కాని విచారణ ఆగిపోవుటవలన, చూడవలసినవారు చూడని యేండ్లు దశాబ్దములుగా గడచినవి.

ఇరాకు, ఆఫ్గనిస్థాన యుద్ధముల తరువాత ఈ ప్రశ్న మరల తలయెత్తినది. 2016లో డేనియల్ పెర్ల్ అను వైద్యుడును అతని సహచరులును 'లాన్సెట్ న్యూరాలజీ' పత్రికలో, ప్రేలుళ్లకు గురియై తరువాత చనిపోయిన అమెరికను సైనికుల మెదళ్లను గూర్చిన పరిశోధనను ప్రకటించిరి. వారిలో అయిదుగురు ప్రేలుడు తగిలిన చాలకాలమునకు చనిపోయినవారు, ముగ్గురు ప్రేలుడు తగిలిన కొలదికాలమునకే చనిపోయినవారు. మెదడులో నక్షత్రాకారముగల ఆస్ట్రోసైట్లు అను కణములు కలవు. దెబ్బతిన్నచోట మచ్చగట్టుట వానికి స్వభావము. ఈ సైనికుల మెదళ్లలో ఆ మచ్చలు ఎక్కడబడిన నక్కడ లేక, ఒక క్రమముతో, రెండు వేఱు పదార్థములు కలిసికొను సరిహద్దులయందే యుండెను. మెదడు పైపొరక్రిందను, బూడిదవన్నె తెల్లవన్నె భాగముల నడుమను, రక్తనాళముల చుట్టును, ద్రవము నిండిన అఱల అంచులయందును కనబడెను. తరంగము ఒక సాంద్రతగల పదార్థమునుండి వేఱొక సాంద్రతగల పదార్థములోనికి పోవునపుడు సరిహద్దువద్ద లాగుడు పుట్టునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. మచ్చలు సరిగా అక్కడనే యుండుట గమనింపదగినది. మఱియొక సంగతి: ఆస్పత్రులలో మామూలుగా తీయు స్కానులలో ఈ మచ్చలు కనబడవు. సూక్ష్మదర్శిని క్రింద, అదియు మరణానంతరమే, కనబడినవి. 'స్కానులో ఏమియు లేదు' అని చెప్పించుకొని యింటికి వచ్చినవాని తలనొప్పి అబద్ధమని తీర్పు చెప్పువారు ఈ సంగతిని మనసునం దుంచుకొనవలెను.

ఆ సైనికులకు తగిలినవి పెద్ద ప్రేలుళ్లు. శిక్షణలోనివి చిన్నవి. ఒక్కొక్కటి మనిషిని పడగొట్టదు, స్పృహ తప్పింపదు. అందుచేతనే వానిని ఎవరును లెక్కింపలేదు. కాని గండికొట్టువారిలో తలనొప్పి, చెవులలో హోరు, నిద్రలేమి, మఱపు, చిఱాకు, మాట తడబాటు కలుగుట వారికి వారు ఎఱిగినదే. దీనికి వారిలో వారు 'బ్రీచర్స్ బ్రెయిన్' అని పేరు పెట్టుకొనిరి. వైద్యులు పేరు పెట్టకముందే రోగులు పేరు పెట్టిన వ్యాధులలో ఇది యొకటి. అమెరికాలో క్వాంటికో అను తావున నౌకాదళ సైనికులకు ఈ విద్య నేర్పు పాఠశాలలో పరిశోధకులు శిక్షకులను శిష్యులను కూడ పరీక్షించిరి. న్యూజీలండు సైన్యములో రెండు వారముల శిక్షణ పొందువారి రక్తమును పరీక్షించి 2013లో ప్రకటించిన పరిశోధనలో, మెదడు కణములనుండి వెలువడు మాంసకృత్తులు రక్తములో ఎక్కువగా కనబడినవారికే ప్రతిస్పందన మందగించుటయు బాధలు హెచ్చుటయు కనబడెను. పరీక్షింపబడినవారు కొలదిమంది కావున దానినుండి తుది సిద్ధాంతము చేయరాదు. సైనికులను పోలీసులను ప్రశ్నించి చేసిన మఱియొక పరిశీలనలో, గండికొట్టు పనిలో అనుభవము హెచ్చినవారే మెదడు కుదుపును పోలిన బాధలను ఎక్కువగా చెప్పుకొనిరి.

ఇక ఆ 4 పౌన్ల హద్దు సంగతి. చిరకాలముగా శిక్షణాస్థలములలో ఈ అంకెయే చెలామణి యగుచున్నది. ఇది యెక్కడనుండి వచ్చినది? కర్ణభేరి సుమారు 5 పౌన్ల యొద్ద చిరుగుట ప్రారంభించును గనుక, దానికి కొంచెము క్రిందుగా ఈ హద్దు ఏర్పడినది. అనగా అది చెవిని చూచి గీసిన గీత, మెదడును చూచి గీసినది కాదు. 3 పౌన్ల ప్రేలుడు ఒకటి మెదడునకు ఏమియు చేయక పోవచ్చును. దినమునకు పదిచొప్పున వారమంతయు తగిలినచో ఏమగునో ఆ అంకె చెప్పదు. అంకె యొకటి చేతిలో నుండుట ఎంత మేలో, దాని పుట్టుక మఱచుట అంత కీడు. హద్దునకు లోబడియున్నాము గనుక క్షేమముగా నున్నామని యెంచుటలోనే మోసమున్నది.

ప్రభుత్వము కదలుటకు కొంతకాలము పట్టెను. అమెరికాలో 2018 ఆర్థిక సంవత్సరపు రక్షణచట్టములోని 734వ విభాగము, సైనికులపై ప్రేలుడు పీడనముయొక్క ప్రభావమును దీర్ఘకాలము పరిశీలింపవలసినదని ఆజ్ఞాపించెను. 2024 ఆగస్టులో రక్షణశాఖ ఉపకార్యదర్శి కాథలీన్ హిక్స్ వెలువరించిన ఉత్తరువులో, 4 పౌన్లకు మించు పీడనము కలిగించు ఆయుధములను పనులను గుర్తించి, అందు గండికొట్టు మందులను చేర్చి, నిలువవలసిన దూరములను నిర్ణయించుట, చెంత నుండువారి సంఖ్యను తగ్గించుట, ప్రేలుళ్ల సంఖ్యకు మితి యేర్పఱచుట విధింపబడెను. సైన్యములో క్రొత్తగా చేరువారి జ్ఞాపకశక్తిని, ఆలోచనావేగమును ముందుగా పరీక్షించి వ్రాసియుంచవలెననియు అందు చెప్పబడెను. ఈ చివరిమాట చిన్నదిగా కనబడును గాని చాల విలువైనది. మొదటి కొలత లేనిదే తఱుగు తెలియదు. గాదెలో ధాన్యమును కొలిచి పోయనివాడు ఎలుకలు ఎంత తినినవో చెప్పజాలడు.

హానిని తగ్గించు ఉపాయములలో అన్నిటికంటె పెద్దది అనవసరమైన ప్రేలుడును మానుకొనుట. తలుపునొద్దకు నిశ్శబ్దముగా చేరుట, వరుస కట్టుట, సంజ్ఞ లందుకొనుట, లోపల ప్రవేశించి గదిని పంచుకొనుట, ఇవన్నియు మందు లేని ఉత్తకట్టతోనే ఎన్నిమార్లైనను అభ్యసింపవచ్చును. నిజమైన మందు, శిష్యుడు దాని బలమును స్వయముగా ఎఱుగుటకు అవసరమైనన్ని మార్లు చాలును. రెండవది, తలుపు తెరచుకొనుటకు చాలినంత మందును మించి వాడకుండుట. ఎక్కువ చప్పుడైనచో శిక్షణ గట్టిగా జరిగినట్లు భావించు అలవాటు కొన్నిచోట్ల కలదు. అది అజ్ఞానమే. మూడవది స్థలము. ఇరుకు గదిలో కాక, బయలున నిలిపిన తలుపుచట్రములపై అభ్యాసము చేసినచో మరలివచ్చు తరంగముల బాధ తగ్గును. కట్టడములోనే చేయవలసివచ్చినపుడు మూలలను, నడవ చివరలను, గోడల సందులను విడిచి వరుసను నిలుపవలెను.

డాలు వాడుట మేలే గాని దానిపై గుడ్డినమ్మకము పనికిరాదు. అది ఎదురుగా వచ్చు తరంగమును కొంత ఆపును. కాని తరంగము నీటివలె అంచులచుట్టు తిరిగి వెనుకకు వచ్చును. డాలు వెనుక గోడ యున్నచో ఆ గోడనుండి మరలిన తరంగము డాలునకును గోడకును నడుమ చిక్కుకొనును. శిరస్త్రాణము తునకలనుండి, దెబ్బలనుండి రక్షించుటకు చేసినది. పీడనము దాని క్రిందిసందులనుండి దూరిపోవును. చెవులకు పెట్టుకొను బిరడలు వినికిడిని కాపాడును. అవి లేక ఎవరును నిలువరాదు. ఐతే చప్పుడు తగ్గినందున దెబ్బయు తగ్గినదని భ్రమపడుట కూడ వానివలననే కలుగుచున్నది.

అన్నిటికంటె ఎక్కువ భారము మోయువాడు శిక్షకుడు. శిష్యులు రెండు మూడు వారములుండి పోదురు. ఒక జట్టు పోగా మఱియొక జట్టు వచ్చును. శిక్షకుడు అక్కడనే యుండును. ప్రతి శిష్యునితోను, ప్రతి వరుసతోను, ప్రతి తలుపునొద్దను నిలుచును. సంవత్సరమునకు అతని లెక్క వందలలోనికి పోవును. అదియునుగాక అతడే మఱియొక దినమున పెద్దతుపాకులు ప్రేల్పించును, భుజముపై పెట్టి ప్రేల్చు కార్ల్ గుస్తాఫ్ వంటి ఆయుధముల శిక్షణలో నిలుచును, చప్పుడు గ్రెనేడులు విసరును. మెదడునకు ఈ ఖాతాలు వేఱువేఱుగా లేవు. కావున శిక్షకులను వంతులవారీగా మార్చుట, తలుపునొద్ద ఒక్కని నుంచి మిగిలినవారు దూరమునుండియో కెమెరాద్వారానో చూచుట, కొన్ని నెలల పని తరువాత ప్రేలుళ్లు లేని పనికి కొంతకాలము పంపుట అవసరము. వరుసలో ఎప్పుడును ముందు నిలుచువాడు ఒక్కడే కాకుండ చూచుట కూడ ఇట్టిదే.

లెక్క పెట్టుటకు నేడు సాధనములు కలవు. అమెరికాలో రక్షణపరిశోధనసంస్థ సహాయముతో తయారైన చిన్న కొలపరికరములను మూడింటిని ఒక్కొక్క భటునకు తగిలింతురు. ఒకటి తలవెనుక, ఒకటి ఱొమ్మున, ఒకటి భుజమున. మూడేల యనగా, ప్రేలుడునకు ఎదురుగా నున్న పరికరము ఎక్కువ పీడనమును, శరీరము చాటున నున్నది తక్కువ పీడనమును చూపును. ఒక్కదానినే నమ్మినచో భటుడు ఎటు తిరిగి నిలిచెనో అదియే కొలత యగును. ఈ పరికరములు చూపిన అంకెలను ఆ సాయంకాలమే చూచి, మరునాడు నిలుచు చోటును మార్చిన శిక్షణాస్థలమునకు వానివలన ప్రయోజనము. పెట్టెలో దాచిన అంకెలు ఎవరిని రక్షింపవు.

దీనికి ఎదురుగా చెప్పబడు వాదమొకటి కలదు. శిక్షణ మెత్తబడినచో నిజమైన తలుపు ముందు భటుడు తడబడునని, అప్పుడు పోవునవి బందీల ప్రాణములని సేనానులు అందురు. ఈ మాటను త్రోసివేయరాదు. మందు వాసన యెఱుగనివానిని తొలిసారిగా ఆపదలోనికి పంపుట క్రూరమే. కాని ఆలోచించినచో ఈ వాదమే రెండవవైపునకును మొగ్గును. తలుపు తెరచుకొనిన క్షణమున భటునకు కావలసినది బందీ యెవడు, దుండగు డెవడు అని రెప్పపాటులో గుర్తించు చుఱుకుదనము. పలుమారులు తగిలిన ప్రేలుళ్లు మొదట మందగింపజేయునది సరిగా ఆ చుఱుకుదనమునే యని పరిశోధనలు సూచించుచున్నవి. మితిమీరిన శిక్షణ తాను పదునుపెట్టవలసిన కత్తినే మొద్దుపఱచుచున్నది.

చివరకు మిగులునది దాపఱికము. తల తిరుగుచున్నదని చెప్పినవాడు జట్టునుండి తొలగింపబడును. జట్టే సర్వస్వముగా బ్రదుకువానికి అది చావుతో సమానము. అందుచే చెప్పడు. భార్య గమనించును, పిల్లలు గమనింతురు, తాళపుచెవులు ఎక్కడ పెట్టెనో మఱచి ఇల్లంతయు కలయదిరుగుట ఇరుగుపొరుగువారు గమనింతురు. అధికారి మాత్రము ఎఱుగడు. బాధ చెప్పుకొనినవానికి కొన్నిదినముల విశ్రాంతియే గాని శాశ్వతమైన తొలగింపు లేదని నమ్మకము కలుగునంతవఱకు ఈ దాపఱికము పోదు. ప్రేలుడు జరిగిన దినముననే ప్రతివానిని నాలుగు ప్రశ్నలడిగి వ్రాయించుట, ఎవరి నొకనిని వేఱుచేయక అందఱిని అడుగుట, సిగ్గును కొంత తగ్గించును. ఎన్ని ప్రేలుళ్లు, ఏ దూరమున, పరికరము చూపినదెంత, ఆ రాత్రి నిద్రపట్టెనా అను వివరములతో ప్రతి భటునకు ఒక పుస్తకముండి, అతడు ఏ దళమునకు మారినను ఆ పుస్తకము అతనితో పోవలెను. ఉద్యోగము విడిచినపుడు దాని ప్రతి యొకటి అతని చేతి కీయవలెను. ఇరువదియేండ్ల తరువాత వైద్యుడు 'ఎప్పుడైన తలకు దెబ్బ తగిలినదా?' అని యడిగినపుడు, 'లేదు' అని తలయూపక చూపుటకు అతని యొద్ద అదియే యుండును.